సంప్రదాయ కరాటే: ఆత్మరక్షణలో దాని బలం, పరిధి

కరాటే జపాన్ దక్షిణ భాగంలోని ఒకినావా ద్వీపంలో రూపుదిద్దుకున్న నిరాయుధ యుద్ధవిద్య. భారతదేశంలో పాఠశాల మైదానాల నుంచి పట్టణ శిక్షణ కేంద్రాల వరకు వేలాది బాలబాలికలు దీనిని అభ్యసిస్తున్నారు. వారిని అక్కడ చేర్పించే తల్లిదండ్రుల్లో చాలామంది ఆశించేది ఆత్మరక్షణే. బెల్టు రంగు మారుతున్న కొద్దీ ఆ రక్షణ కూడా పెరుగుతుందా అన్నది పరిశీలించవలసిన విషయం.

పుట్టుక, పరిణామం

పూర్వపు ర్యూక్యూ రాజ్యంలో స్థానిక పోరాట పద్ధతులు, చైనాలోని ఫుజియాన్ ప్రాంతపు ముష్టియుద్ధ విద్యలు కలిసి ఈ కళకు ప్రాణం పోశాయి. షురి, నాహా, తొమారి పట్టణాల పేర్లతో దీని తొలి శాఖలు ప్రసిద్ధి పొందాయి. 20వ శతాబ్ది ఆరంభంలో ఇతోసు అంకో దీనిని ఒకినావా పాఠశాలల్లో ప్రవేశపెట్టారు. 1908లో ఆయన రాసిన లేఖ కరాటే ఉద్దేశాన్ని స్పష్టం చేస్తుంది. ఒక ప్రత్యర్థితో పోటీ పడటానికి ఉద్దేశించినది కాదనీ, దుండగులు ఎదురైనప్పుడు హాని నుంచి తప్పించుకోవడానికే ఈ విద్య అనీ ఆయన భావం. ఒక్కొక్క కదలికను ఆరోగ్యం కోసం సాధన చేస్తున్నామా, ప్రయోగం కోసమా అన్నది అభ్యాసకుడు తేల్చుకోవాలని కూడా ఆయన సూచించారు.

1922లో ఫునకోషి గిచిన్ టోక్యోలో కరాటేను ప్రదర్శించారు. అనంతరం అది జపాన్ విశ్వవిద్యాలయాలకు విస్తరించింది. 'చైనా చేయి' అనే అర్థమిచ్చే పాత లిపి స్థానంలో 'ఖాళీ చేయి' అనే అర్థమిచ్చే లిపిని వాడాలని 1936లో నాహాలో సమావేశమైన గురువులు సమ్మతించారు. కొద్దిమంది శిష్యులకు గురువు విడివిడిగా నేర్పిన విద్య క్రమంగా వరుసల్లో నిలబెట్టి అందరికీ ఒకేసారి నేర్పే వ్యాయామంగా మారింది. దాడి నుంచి విడిపించుకునే పట్లు, తోపులు బోధనలో వెనుకబడి, దూరం నుంచి విసిరే పిడిగుద్దులు, తన్నులు ముందుకు వచ్చాయి.

శిక్షణ ఏమి ఇస్తుంది?

సంప్రదాయ శిక్షణకు మూడు అంగాలున్నాయి. మౌలిక కదలికల అభ్యాసం కిహోన్. ఊహించుకున్న ప్రత్యర్థులతో నిర్ణీత క్రమంలో సాగే సాధన కతా. ఎదుటి వ్యక్తితో చేసే అభ్యాసం కుమితే. కతాలోని కదలికల ప్రయోజనాన్ని విప్పి చెప్పే భాగాన్ని బుంకాయ్ అంటారు. ఈ శిక్షణ వల్ల కాళ్ల బలం, సమతౌల్యం, దెబ్బలో పదును పెరుగుతాయి. గడ్డి చుట్టిన మకివారా పలకను కొట్టే అలవాటు మణికట్టును దృఢపరుస్తుంది. వీటన్నింటి కంటే ముఖ్యమైనవి నిలకడ, ఆత్మవిశ్వాసం.

ఎక్కడ లోటు పడుతుంది?

దాడి చేసే వ్యక్తి వందనం చేసి ఎదురుగా నిలబడడు. వెనుక నుంచి పట్టుకోవచ్చు, జుట్టు లాగవచ్చు, నేలకు తోయవచ్చు, కత్తి తీయవచ్చు. భయంతో గుండె వేగం పెరిగి చేతులు వణుకుతున్నప్పుడు, సూక్ష్మమైన కదలికలు సాగవు. ముందుగా తెలిసిన దాడిని, సహకరించే తోటి విద్యార్థిపై మాత్రమే అడ్డుకుని అలవాటు పడినవారు ఇక్కడ తడబడతారు.

పోటీ నియమాలు కూడా ఒక పరిమితే. 2021 ఆగస్టులో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, పురుషుల 75 కిలోలకు పైబడిన విభాగం ఫైనల్లో సౌదీ అరేబియా క్రీడాకారుడు తారెగ్ హమెదీ తన్నుకు ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ కోల్పోయారు. దెబ్బను అదుపు చేయలేదన్న కారణంతో హమెదీపై అనర్హత పడింది, స్వర్ణం గంజ్‌జాదేకు దక్కింది. క్రీడలో ప్రాణరక్షణకు అవసరమైన ఈ నియమం, దెబ్బను చివరి క్షణంలో ఆపుకునే అలవాటును కూడా పెంచుతుంది. పూర్తి స్థాయి దెబ్బలను అనుమతించే క్యోకుషిన్ శాఖలో సైతం, ముఖంపై పిడిగుద్దులకు పోటీల్లో అనుమతి లేదు.

పరిశోధన చెప్పేది

కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది తొలి సంవత్సరం విద్యార్థినులపై జరిగిన అధ్యయనం 2015లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. ప్రమాద సూచనలను గుర్తించడం, పరిచయస్తుల ఒత్తిడిని మాటతో నిలువరించడం, శరీరంతో ప్రతిఘటించడం కలిపి 12 గంటల శిక్షణ ఇచ్చారు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందిన బృందంలో 5.2 శాతం కాగా, పొందని బృందంలో 9.8 శాతం. ఏళ్ల తరబడి సాధన లేకపోయినా, నిజజీవిత సందర్భాలకు అనుగుణమైన శిక్షణ ఫలితమివ్వగలదని ఇది తెలియజేస్తోంది. దాడి చేసినవారిది నేరమన్న సత్యాన్ని మాత్రం ఏ శిక్షణా మార్చదు.

చట్టం, శిక్షణ ఎంపిక

2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తున్నాయి. అయితే రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేసే హక్కు ఎవరికీ లేదు. దుండగుడు పారిపోతున్నప్పుడు వెంటాడి కొట్టడం ఆత్మరక్షణ కిందకు రాదు. సమగ్ర శిక్షా పథకంలో భాగంగా ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12వ తరగతి వరకు చదివే బాలికలకు రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్ష ప్రశిక్షణ పేరిట మూడు నెలల శిక్షణ ఇస్తున్నారు.

శిక్షణ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు కొన్ని అంశాలు గమనించాలి. పట్టు విడిపించుకోవడం, పడిపోయాక లేవడం నేర్పుతున్నారా? రక్షణ కవచాలతో, ముందే చెప్పని దాడులతో అభ్యాసం ఉందా? కతాలోని కదలికలకు ప్రయోజనం వివరిస్తున్నారా? గట్టిగా కేకవేయడం, పరుగెత్తి తప్పించుకోవడం, 112కు ఫోన్ చేయడం పాఠంలో భాగమేనా? ఈ అంశాలు చేరినప్పుడు సంప్రదాయ కరాటే ఆత్మరక్షణకు మంచి పునాది అవుతుంది. అవి లేకపోతే అది ఆరోగ్యాన్ని, క్రమశిక్షణను ఇచ్చే వ్యాయామంగా మిగులుతుంది. ఆ తేడాను పిల్లలకు ముందే స్పష్టంగా చెప్పడం గురువుల బాధ్యత.