ఆటలో జాగు: దానిని జయించడానికి జరిగిన ప్రయత్నాలు

పెద్ద విందులో వడ్డన చూడనివారుండరు. ఒకే మనిషి నేతిగిన్నె పట్టుకొని పంక్తి ఈ చివరనుండి ఆ చివరకు నడుస్తాడు. ఇరవై విస్తళ్ళయితే ఇబ్బంది లేదు. రెండువందల విస్తళ్ళయితే, అతడు మళ్ళీ మొదటి విస్తరి దగ్గరకు వచ్చేసరికి అక్కడివారు పెరుగన్నములో ఉంటారు. అంతర్జాలములో వందలమంది వేషాలు ధరించి కలసి ఆడే ఆటలను నడిపే యంత్రానికి సర్వరని పేరు. వడ్డించేదని ఆ మాటకు అర్థము. దాని కష్టము కూడ ఇట్టిదే.

ఆటగాడు మీట నొక్కిన క్షణానికి, ఫలితము తెరమీద కనబడిన క్షణానికి మధ్య గడచే ఆలస్యాన్ని ల్యాగ్ అంటారు. మనకు ‘జాగు’ అనే చక్కని మాట ఉండనే ఉన్నది. ఇక్కడ దానినే వాడుదాము.

జాగుకు ముఖ్య కారణాలు రెండు. మొదటిది దూరము. గాజుతంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదునుండి లండనుకు తిన్నగా కొలిచినా సుమారు 7,700 కిలోమీటర్లు. అంటే వార్త పోయి రావడానికే సెకనులో వెయ్యోవంతులు 77 పట్టుతాయి. తంతువులు తిన్నగా పోవు కనుక నిజానికి ఇంకా ఎక్కువే పట్టుతుంది. ఎంత ఖరీదైన యంత్రాన్ని కొన్నా ఈ కాలము తగ్గదు.

రెండవది రద్దీ. ఒకచోట 10 మంది ఉన్నారనుకొందాము. ఒక్కొక్కరి కదలికను తక్కిన తొమ్మండుగురికీ తెలపవలెను. మొత్తము 90 వార్తలు. 100 మంది ఉంటే 9,900. వెయ్యిమంది ఉంటే 9,99,000! జనము నూరురెట్లు పెరిగితే పని పదివేల రెట్లు దాటినది. ఈ లెక్కను తరగతిలో నల్లబల్లమీద వేసి చూపితే, పై చరిత్ర సులభముగా అర్థమవుతుంది.

ఇంగ్లండులోని ఎసెక్సు విశ్వవిద్యాలయములో 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి పి.డి.పి.-10 కంప్యూటరుమీద ‘మడ్’ అనే ఆటను ప్రారంభించినాడు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. యంత్రస్మృతి చాలక, దానిని పొదుపు చేయడానికి అతడు ఆటను బి.సి.పి.ఎల్. భాషలో తిరిగి వ్రాసినాడు. 1980లో రిచర్డ్ బార్టిల్ దానిని చేపట్టినాడు. యంత్రము విశ్వవిద్యాలయపు పనికై ఉన్నది కనుక, బయటివారిని రాత్రివేళలలోనే ఆడనిచ్చేవారు. రద్దీకి విరుగుడు నిద్ర మానుకొనడమే!

దూరానికి విరుగుడు వేషాల ఆటనుండి గాక, కాల్పుల ఆటనుండి వచ్చినది. 1996లో వెలువడిన ‘క్వేక్’లో ఆటగాడు ముందుకు మీట నొక్కితే, సర్వరు సరేననేవరకు అతని బొమ్మ కదిలేది కాదు. టెలిఫోను తీగెలమీద ఆడేవారికి ఇది నరకమే. అదే సంవత్సరము డిసెంబరులో జాన్ కార్మాక్ ‘క్వేక్‌వరల్డ్’ను విడుదల చేసినాడు. దానిలో ఆటగాని కంప్యూటరే ఫలితాన్ని ఊహించి బొమ్మను వెంటనే కదుపుతుంది. తరువాత సర్వరు చెప్పినదానితో సరిచూచుకొంటుంది. ఊహ తప్పితే బొమ్మ రబ్బరు లాగినట్లు వెనుకకు వస్తుంది. జాగు పోలేదు, కంటికి కనబడకుండ దాగినది. ఈ ఉపాయము తరువాతి ఆటలలో విరివిగా వాడుకలోనికి వచ్చినది.

రద్దీని ఊహతో దాచడము కుదరదు. 1997 సెప్టెంబరులో వచ్చిన ‘అల్టిమా ఆన్‌లైన్’ ఒకే ప్రపంచాన్ని అనేక ప్రతులు చేసి, ఒక్కొక్క ప్రతిని ఒక్కొక్క సర్వరుకు అప్పగించినది. ప్రపంచము ఇమిడి ఉన్న మణి పగిలి ముక్కలయినదని కథ కూడ కల్పించి, ఆ ప్రతులకు ‘షార్డు’లని, అంటే పెంకులని, పేరు పెట్టినారు. అవసరమునుండి పుట్టిన పురాణము! అయితే ఒక పెంకులోనివారికి రెండవ పెంకులోని స్నేహితుడు కనబడడు.

ఐస్‌లాండులోని సి.సి.పి. సంస్థవారు ఈ విభజనకు ఒప్పుకొనలేదు. 2003 మేలో వారు విడుదల చేసిన ‘ఈవ్ ఆన్‌లైన్’లో, చైనా దేశానికి వేరుగా నడిపినది తప్ప, అందరికీ ఒకటే విశ్వము. వేల నక్షత్రమండలాల పనిని అనేక యంత్రాలకు పంచినారు గాని, ఒక్క మండలములో జరిగే పనిని రెండింటికి పంచే వీలులేదు. యుద్ధమంటేనే అందరూ ఒకచోటికి చేరడము గదా! వేలమంది చేరేసరికి ఆజ్ఞలు వరుసలో నిలిచిపోయేవి. కొన్ని అసలే పనిచేసేవి కావు. ముందుగా వచ్చి కుదురుకొన్న పక్షము కాల్చుతూ ఉంటే, తరువాత వచ్చినవారు నల్లని తెరను చూస్తూనే ఓడలు పోగొట్టుకొనేవారు. గెలుపు నేర్పునుబట్టి గాక, వరుసలో స్థానమునుబట్టి వచ్చేది. జాగులో నాకు అన్నిటికంటె బాధగా తోచేది ఈ అన్యాయమే.

2012లో సి.సి.పి.వారు విచిత్రమైన చికిత్స చేసినారు. యంత్రాన్ని త్వరపెట్టలేకపోతే ఆటలోని కాలాన్నే మందగింపజేయడము! రద్దీ ముదిరిన కొద్దీ ఆ మండలములో గడియారము నెమ్మదిస్తుంది. పదోవంతు వేగము దాని హద్దు. ఆ హద్దులోపల అందరికీ సమానముగా నెమ్మదిస్తుంది, ఆజ్ఞలు తమ వరుసలో నెరవేరుతాయి. కాని ఒక మెలిక ఉన్నది. దూరపు మండలాలలో కాలము మామూలుగానే నడుస్తుంది కనుక, యుద్ధవార్త విని వచ్చి చేరడానికి అక్కడివారికి బోలెడంత వ్యవధి దొరుకుతుంది. రద్దీకి చేసిన మందే రద్దీని పెంచినది.

2014 జనవరి 27, 28 తేదీలలో బి-ఆర్5ఆర్‌బి అనే మండలములో జరిగిన యుద్ధము దీనికి సాక్ష్యము. సకాలములో చెల్లింపు జరగక ఒక పక్షము ఆ మండలముపై హక్కు కోల్పోయినది. అక్కడ పోరు రేగినది. ముందుగా తెలిపితే గట్టి యంత్రాన్ని కేటాయించే ఏర్పాటున్నది గాని, ఇది అనుకోని యుద్ధము. 7,500 మందికి పైగా పాల్గొన్నారు. 75 ‘టైటాన్’ మహానౌకలు కూలినవి. సుమారు 21 గంటలు సాగిన ఈ పోరులో చాలభాగము పదోవంతు వేగముతోనే నడచినది; ఆటలోని గడియారముతో కొలిస్తే అది రెండు గంటల పని. 2020 అక్టోబరులో మరొక యుద్ధములో ఒకేసారి 6,557 మంది ఉండి రికార్డు నెలకొల్పినారు. అయినా 2021 జనవరిలో ఎం2-ఎక్స్‌ఎఫ్‌ఇ వద్ద రద్దీ హద్దు మీరినది. లోనికి రాబోయిన సేన మధ్యలో చిక్కుకొని నష్టపోయినది.

ఇక చిన్న సర్వర్ల మాట. ‘మైన్‌క్రాఫ్ట్’ ప్రపంచము సెకనుకు 20 అడుగులు వేస్తుంది. ఒక్కొక్క అడుగుకు గడువు సెకనులో వెయ్యోవంతులు 50. పనికి 100 పట్టితే వేగము సగమవుతుంది, ఆటలోని సూర్యుడు కూడ నెమ్మదిగా నడుస్తాడు. ఇటువంటి సర్వరును సొంతముగా నడిపే విద్యార్థులు జాగు కనబడగానే పెద్ద యంత్రము కొనమని ఇంట్లో పోరుపెట్టడము చూస్తున్నాము. ముందుగా కొలిచి చూడవలెను. నగరజీవితాన్ని నటించే ‘ఫైవ్‌ఎం’ సర్వర్లలో తరచు దొరికే దోషము ఒకటున్నది: ఆటగాడు దుకాణము దగ్గర ఉన్నాడా అని చిత్రము మారిన ప్రతిసారి, అంటే సెకనుకు 60 సార్లు, అడుగుతూ ఆటగాని కంప్యూటరును అలసింపజేసే చిన్న ప్రోగ్రాము. ఇట్టివి పదుల సంఖ్యలో పోగవుతాయి. ఆటగాడు దూరముగా ఉన్నప్పుడు సెకనుకు ఒక్కసారి అడిగితే చాలును. ఆ పనిలో 60 వంతులకు ఒక వంతే మిగులుతుంది.