బాటసారి బస – భాగ్యనగరంలో మూడు నూర్ల యేండ్ల ప్రశ్న

గత మాసంలో సూర్యాపేట నుండి మా మేనకోడలు ఫోను చేసింది. దాని కుమార్తె ఏదో ఉద్యోగపు పోటీ పరీక్ష వ్రాయడానికి హైదరాబాదు వెళ్తున్నదట. తోడు ఎవరూ లేరు. రెండు రాత్రులు ఉండాలి. "మామయ్యా, పిల్ల ఎక్కడ దిగితే క్షేమం? నీకు పట్నం బాగా తెలుసు గదా" అని అడిగింది. జవాబు పత్రాలు దిద్దడానికీ, శిక్షణ తరగతులకూ ముప్పై యేండ్లు ఆ నగరానికి తిరిగినవాణ్ణి కనుక క్షణమైనా ఆలోచించకుండా "కోఠీ, సుల్తాన్‌బజారు" అన్నాను.

ఫోను పెట్టేసిన తరువాత సందేహం కలిగింది. ఈ జవాబు నాదేనా? కాదు. అది మా నాయనగారి మాట. ఆయన కోఠీని కోఠీ అని కూడా అనేవారు కారు. "పట్నం పోతే రెసిడెన్సీలో దిగు. అక్కడ మనవాళ్లుంటారు, మాట చెల్లుతుంది" అనేవారు. మాట చెల్లడం అంటే ఏమిటో నాకు చిన్నతనంలో తెలియలేదు. ఆ మాట పుట్టుకను వెదుకుతూ నాలుగు రోజులు పాత పుస్తకాల ముందు కూర్చున్నాను. తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో నగరాన్ని కట్టించాడన్నది అందరూ ఎరిగినదే. కొత్తగా వచ్చిన మనిషి ఆ నగరంలో ఎక్కడ పడుకోవాలన్నది చరిత్ర పాఠాలలో చెప్పరు. పదిహేడవ శతాబ్దంలో గోలకొండకు వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావర్నియే దీనిని గూర్చి కొంత వ్రాశాడు. ఆయన యాత్రాగ్రంథం 1676లో అచ్చయింది. నదికి ఈవలి నగరంలో ప్రభువులూ ఉద్యోగులూ ఉండేవారట. వర్తకులు, దళారులు, చేతిపనివారు వంతెనకు ఆవల ఉన్న పెద్ద శివారులో కాపురముండేవారు. వారు పగలు పది పదకొండు గంటలకు నగరంలోకి వచ్చి, పరదేశ వర్తకులతో బేరాలు సాగించి, సాయంకాలం నాలుగైదింటికల్లా ఇండ్లకు వెళ్లి నిద్రించేవారు. ఆ శివారులోనే రెండు మూడు చక్కని మసీదులు పరదేశులకు సరాయిలుగా ఉపయోగపడేవట. అంటే వచ్చిన పని నగరం లోపల, పడక నగరం వెలుపల. నేటి హైదరాబాదులో కొలువులకు వెళ్లివచ్చే లక్షల మంది చేస్తున్నది ఇంచుమించు ఇదే కదా!

మా సూర్యాపేట వారికి ఇంకా దగ్గరి ఉదాహరణ హయత్‌నగర్. మచిలీపట్నం రేవు నుండి గోలకొండ రాజ్యానికి సరుకులు వచ్చే బాట అది. నేటికీ మా బస్సులు పోయేది ఆ దారినే. కులీ కుతుబ్‌షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరు మీద అక్కడ మసీదు ఉన్నది. దాని విశాలమైన ఆవరణ చుట్టూ బాటసారులకు నూటికి పైగా కమాను గదులు, చెంతనే ఏనుగు బావి అని పిలిచే పెద్ద బావి. చార్మినారుకు సుమారు పది మైళ్లు. చీకటి పడిన తరువాత బండ్లతో, ధనంతో ఆ పది మైళ్లూ నడవడం కన్న అక్కడ ఆగి తెల్లవారి బయలుదేరడమే మేలు. సరాయిలో బావి, ప్రాకారం, పశువులకు తావు, తోటి బాటసారులు ఉంటారు. పదుగురి నడుమ పడుకోవడమే అప్పటి రక్షణ. పద్దెనిమిదవ శతాబ్దంలో నగరం చుట్టూ గోడ లేచి దర్వాజాలు వెలసిన పిమ్మట వెలుపల ఆగడం అలవాటు మాత్రమే గాక అవసరమూ అయింది. ఆ దర్వాజాలలో ఇప్పుడు దబీర్‌పురాది, పురానాపూల్‌ది మిగిలి ఉన్నాయి.

సంపన్నులకు మరొక ఉపాయం ఉండేది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుండి కాశీకి పోతూ హైదరాబాదు మీదుగానే వెళ్లారు. పల్లకీ, బోయీలు, డేరాలు, ఇంచుమించు నూరుగురు పరివారం! ఇల్లే వెంట తీసుకొనిపోయేవారికి బస వెదుక్కొనే చింత తక్కువ. (వారి కాశీయాత్ర చరిత్రను ఇంకా చదవని తెలుగువారు వెంటనే చదవాలని నా మనవి.)

ఇక రెసిడెన్సీ. నిజాముకూ ఇంగ్లీషు కుంపిణీకీ 1798లో సైనిక సహకార సంధి జరిగింది. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు 1803 ప్రాంతంలో మూసీ ఉత్తరపు టొడ్డున మహాసౌధం కట్టించ మొదలుపెట్టాడు. తరువాతి కాలంలో మహిళా కళాశాలగా వన్నెకెక్కిన కట్టడం అదే. దాని చుట్టూ బజారులు పెరిగాయి. ఆ బజారులలో చెల్లినది రెసిడెంటు అధికారం, నిజాము కొత్వాలుది కాదు. ఇదే కీలకం. డబ్బున్న సాహుకార్లు దీనిని మొదటనే గ్రహించారు. పాత నగరంలో ఏ జమేదారో బాకీ ఎగవేసి, అడిగిన పాపానికి అరబ్బు సిపాయిలను ఇంటి మీదికి పంపగల రోజులవి. నది దాటితే ఆ భయం తక్కువ. సాహుకార్లను అనుసరించి వారి గుమాస్తాలు, వారితో పని ఉన్న పరగణాల వారు వచ్చారు. అతిథికి కావలసిన అంగళ్లు, భోజనశాలలు, తెలిసిన ముఖాలు అక్కడ చేరాయి. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది కూడా రెసిడెన్సీ బజారులోనే, రావిచెట్టు రంగారావుగారి ఇంట. నిజాం ప్రభుత్వపు ఆంక్షలు నేరుగా సోకని చోటు కదా! తెలుగు పత్రిక చదవగోరే పల్లెటూరి మనిషికి అంతకన్న అనుకూలమైన పేట ఏది?

ఐతే క్షేమమన్న మాటను కొంచెం నిదానించి పలకాలి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వాన తిరుగుబాటుదారులు దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. పుత్లీబౌలి వైపున్న సాహుకార్ల ఇండ్లలో నిలిచి వారు కాల్పులు జరిపారు. ఆ రాత్రి నగరమంతటిలో అపాయకరమైన పేట అదే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నది దగ్గరి పేటలన్నీ వేల ప్రాణాలతో పాటు కొట్టుకొనిపోయాయి. ఆ ముందు రోజున ఏటి గాలికి ఆశపడి ఒడ్డున బస చేసిన బాటసారులెందరో!

నన్ను ఆశ్చర్యపరచిన సంగతి మరొకటి. రెసిడెన్సీ బజారులను 1933లోనే నిజాముకు తిరిగి అప్పగించారు. అవి సుల్తాన్‌బజారు అయ్యాయి. మా నాయనగారు తొలిసారి పట్నం చూసింది 1945లో. అనగా ఆయన జీవితాంతం మాకు సిఫారసు చేసిన రెసిడెన్సీ ఆయన అక్కడ కాలు పెట్టే నాటికే లేదు! మాట చెల్లుతుందన్నది బహుశా మా తాతగారి నాటి అనుభవం. మేము వినయంగా దానిని మోసుకొంటూ వచ్చాము.

ఆ నడుమ రైలు వచ్చి బస లెక్కలన్నీ మార్చింది. 1874లో సికింద్రాబాదుకు, 1907లో నాంపల్లికి రైలు స్టేషన్లు ఏర్పడ్డాయి, 1916లో కాచిగూడ. 1919లో నాంపల్లి స్టేషను చెంతనే ప్రయాణికులకు సరాయి కట్టారు. నిజాం రైల్వే 1932లో బస్సులు కూడా నడపసాగింది. ఆ తరువాతి తరాలకు గౌలిగూడ బస్టాండే నగర ద్వారం. రేకుల డోము కింద నిలబడిన ఆ బస్టాండు 2018 జూలైలో కుప్పకూలింది. ఆ వార్త చదివిన నాడు నాకు సంతోషమో విచారమో తెలియని భావం కలిగింది.

ఎందుకంటే 1983లో నేను దిగింది అక్కడే. తెలుగు పండిత ఉద్యోగానికి ఇంటర్వ్యూ. సుల్తాన్‌బజారు సందులో ఉన్న పాత స్నేహితుని ఇంట దిగమని నాయనగారు చీటీ వ్రాసి ఇచ్చారు. నాకు ఇరవైమూడేండ్లు. ఒకరి ఇంట తలవంచుకొని భోంచేయడం నామోషీ అనిపించింది. రిక్షా కిరాయి కూడా మిగులుతుందని బస్టాండు పక్క సందులోనే ఒక లాడ్జీలో మంచం తీసుకొన్నాను. గదిలో నాలుగు మంచాలు, తక్కిన మూడింటి మీద ఎవరో తెలియదు. సంచీ తల కిందనే పెట్టుకొని పడుకొన్నాను. తెల్లవారి చూస్తే తల కింద దిండు ఉంది, సంచీ లేదు. భాషాప్రవీణ పట్టా, పుట్టిన తేదీ పత్రం, అన్నీ అందులోనే. లాడ్జీ గుమాస్తా తనకేమీ సంబంధం లేదన్నాడు. ఇంటర్వ్యూలో పత్రాలు లేవని పంపివేశారు. రెండవ ప్రతి చేతికి రావడానికి నాలుగు నెలలు, ఆ ఉద్యోగం మరలా రావడానికి రెండేండ్లు పట్టింది. చీటీ ఎందుకు ఇయ్యలేదని నాయనగారు ఒక్కమాట కూడా అడగలేదు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. చొక్కా జేబులో ఉండిపోయింది.

ఇంత జరిగినవాడు "కోఠీ" అనడంలో వింతేముంది! కాని పిల్ల ఒప్పుకోలేదు. మరునాడు తనే ఫోను చేసింది. "తాతయ్యా, పరీక్ష మియాపూరు దగ్గర. కోఠీలో నాకెవరున్నారు?" అంది. నిజమే. ఆ పాత స్నేహితుని కుటుంబం ఆ ఇల్లు విడిచి ఎన్నో యేండ్లయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మహిళల హాస్టలు ఒకటి చూసుకొన్నదట, స్నేహితురాలు అందులో ఉండి చదువుకొన్నది. సూర్యాపేట బస్సు ఆ దారినే వస్తుంది, నగరం నడిమికి పోనక్కరలేదు. మెట్రో ఎక్కితే గంటలోపు మియాపూరు. రాత్రి తొమ్మిదిన్నరకు గేటు మూస్తారట. నగరం అంచున ఆగి, మూసిన తలుపు వెనుక పదిమంది నడుమ పడుకొని, తెల్లవారి పని మీద లోపలికి పోవడం. హయాత్ బక్షీ బేగం ఆవరణ గుర్తుకు వచ్చి నవ్వుకొన్నాను.

మా మేనకోడలు మాత్రం భయపడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో 2013లో బాంబులు పేలాయి కదా అన్నది. అవును, పేలాయి. 2007 ఆగస్టులో కోఠీలో కూడా పేలింది, నేను క్షేమమన్న చోటనే. ఆ మాట దానితో చెప్పి, పిల్ల ఎన్నుకొన్నదే సరియని అన్నాను. ఒక్క షరతు పెట్టాను: పత్రాల అసలు ప్రతులు ఇంటి వద్దనే ఉంచాలి, హాల్‌టికెట్టు, ఆధార్ కార్డు తప్ప మరేమీ తీసుకొని పోరాదు.

పరీక్ష బాగానే వ్రాసిందట. తిరుగు ప్రయాణంలో హయత్‌నగర్ దగ్గర కిటికీలో నుండి చూడమని, పాత మసీదు చుట్టూ గదులు కనిపిస్తాయేమో చెప్పమని అడిగాను. ఇల్లు చేరి ఫోను చేసింది. బస్సు ఎల్బీనగర్ దాటేసరికే నిద్రపట్టిందట.