దుబాయ్ పైసలు

పాతబస్తీలో ఒక మేడ లేస్తే చాలు, 'దుబాయ్ పైసలు' అంటారు. ఆ పైసలు ఏ ఎండలో సంపాదించామో అడగరు. అడిగితే కథను దుబాయ్‌లో కాదు, 1948 సెప్టెంబర్‌లో మొదలుపెట్టాల్సి వస్తుంది.

పోలీసు యాక్షన్ తర్వాత నిజాం ఫౌజు రద్దయింది. 1949లో జాగీర్లు పోయాయి. జాగీర్లు పోయినందుకు మాకు దుఃఖం లేదు, అవి మా తాతలవి కావు. కానీ ఆ దేవిడీల్లో వంటవాళ్ళు, జవాన్లు, గుమాస్తాలు మావాళ్ళే. ఆఫీసుల్లోంచి ఉర్దూ తప్పుకున్నాక ఉర్దూ చదువుతో బతికినవాడికి కూర్చునే చోటు లేకుండా పోయింది. ఆ తరమే రిక్షా ఎక్కింది, కూర్చోవడానికి కాదు, తొక్కడానికి.

బార్కస్ సంగతే చూడండి. నిజాం కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ అది. బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాటే నోళ్ళలో నలిగి బార్కస్ అయింది. తాతలు తుపాకీ పట్టి ఇటు వస్తే, మనుమల్లో ఎందరో కూలికి అటే పోయారు.

1973లో చమురు ధర పెరగడం మొదలై కొద్ది నెలల్లోనే నాలుగింతలైంది. గల్ఫ్‌లో రోడ్లు, రేవులు, ఊళ్ళకు ఊళ్ళే లేచాయి. తాపీమేస్త్రీలు, సెంట్రింగ్ వాళ్ళు, ఇనుప కమ్మీలు కట్టేవాళ్ళు కావలసి వచ్చారు. 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది గానీ దొంగ ఏజెంటు పోలేదు. సౌదీలో కఫీల్ ఒప్పుకోనిదే పని మారలేకపోయేవాళ్ళం, ఇంటికి రాలేకపోయేవాళ్ళం. పాస్‌పోర్టు చాలామందికి అతని బీరువాలోనే. కఫీల్‌కు డబ్బు కట్టి బయట పని వెతుక్కోవడానికి మేము పెట్టుకున్న పేరు 'ఆజాద్ వీసా'. పేరుకే ఆజాద్, పట్టుబడితే జైలు. 2021లో సౌదీ ఈ ముడిని కొంత వదులు చేసేసరికి మావి రెండు తరాలు గడిచిపోయాయి.

ఈ దారిన మేమొక్కరమే పోలేదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల దళిత, బీసీ కూలీలు మా పక్క మంచాల మీదే పడుకున్నారు. వాళ్ళు పంపింది చెమట. మేము పంపిన దానికి మాత్రం మతం అంటగట్టారు!

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షమందికి పైగా భారతీయులను విమానాల్లో తెచ్చారు. మంచిదే. దిగినవాళ్ళ వీసా అప్పులు మాత్రం దిగలేదు.

ఆ రోజుల్లో ఉత్తరాలకు బదులు టేపు క్యాసెట్లు వచ్చేవి. చదువురాని అమ్మీ కోసం కొడుకు మాటలు రికార్డు చేసి, ఊరికొచ్చేవాడి చేతికిచ్చి పంపేవాడు. మా చరిత్రకు ఆధారాలేవని అడిగే పండితులు ఆ క్యాసెట్లు వెతకాలి. చాలా ఇళ్ళల్లో వాటిమీద పెళ్ళిపాటలు ఎక్కించేశారు.