కరిసల్ సీమలో వాటర్‌షెడ్ సంరక్షణ

తమిళనాడు దక్షిణ భాగంలో, తూత్తుకుడి జిల్లాలోని కోవిల్‌పట్టి నుంచి ఉత్తరాన విరుదునగర్ జిల్లా దాకా పరచుకున్న నల్లరేగడి మెట్టప్రాంతాన్ని కరిసల్ సీమ అంటారు. ఇక్కడ వాననీటినీ పైమట్టినీ నిలుపుకోవడానికి రైతు సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన కేంద్రం, ప్రభుత్వ శాఖలు తరతరాలుగా చేస్తున్న కృషి చరిత్ర ఈ వ్యాస విషయం. ఒక వాగులోకి గాని చెరువులోకి గాని ఎంత నేల మీది వాన దిగివస్తుందో అంత నేలనూ కలిపి వాటర్‌షెడ్ అంటారు. మిట్ట మీది చేను, ఊరి పోరంబోకు, వాగు, చెరువు, దాని కింది ఆయకట్టు వేర్వేరు చేతుల్లో ఉన్నా నీటి లెక్కకు అవన్నీ ఒకటేనన్నది ఈ పద్ధతికి ఆధారం.

ఈ సీమకు జీవనది లేదు. పడమటి కనుమల తూర్పు వాలులో పుట్టి మన్నారు సింధుశాఖలో కలిసే వైప్పారు, దానికి ఉపనదులైన అర్జునా, కౌశికా నదులు, ఉత్తరాన గుండారు వానలప్పుడు పారి తక్కిన నెలల్లో ఇసుక మేటలుగా మిగులుతాయి. వెంబకోట, ఇరుక్కంగుడి, ఆనైకుట్టం, గోల్వార్‌పట్టి, కుల్లూర్‌సందై జలాశయాలు వీటి మీద కట్టినవే గాని, వాటి నీరు అందే పొలం మొత్తం మెట్టసాగులో కొద్ది భాగమే. ఏటా సుమారు 700 నుంచి 800 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అందులో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాలది. కొన్ని వారాల్లో పడిన నీటితోనే ఏడాదంతా గడవాలి కనుక, ఇక్కడ కరువు వాన లేకపోవడం వల్ల ఎంత వస్తుందో వచ్చిన వాన నిలవకపోవడం వల్ల కూడా అంత వస్తుంది.

మదురైని విజయనగర ప్రతినిధులుగా, ఆ తరువాత స్వతంత్రంగా ఏలిన నాయక రాజుల కాలంలో, అంటే 16వ శతాబ్దం నుంచి, తెలుగు కుటుంబాలు ఈ నేలకు పెద్దయెత్తున వలస వచ్చాయి. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి వంటి పాళెగాళ్ల సంస్థానాలు, కమ్మ, రెడ్డి, రాజకంబళ నాయకర్ తదితర సముదాయాల పల్లెలు నల్లరేగడి మీదే ఎక్కువగా వెలిశాయి. తిరునెల్వేలి ప్రాంత రైతాంగ చరిత్రను 1985లో గ్రంథస్థం చేసిన డేవిడ్ లడెన్, తామ్రపర్ణి నది తడి భూముల సమాజానికీ ఈ మెట్ట సమాజానికీ ఉన్న తేడాను వివరిస్తూ, రేగడిని సాగులోకి తేవడంలో తెలుగువారి పాత్రను గుర్తించారు. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ 1976 నాటి ‘గోపల్ల గ్రామం’ నవలకు ఈ వలసే వస్తువు. ప్రత్తి, జొన్న, సజ్జ, మినుము, ఊద పండించే వీరి మెట్టసేద్యం రాయలసీమ రైతుకు ఏమాత్రం కొత్తగా తోచదు.

నీటి వ్యవస్థలో పాతది చెరువు. సాగుకు ఉపయోగపడే చెరువును ఇక్కడ కణ్మాయి అనీ, తాగునీటికి ప్రత్యేకించిన కుంటను ఊరణి అనీ పిలుస్తారు. భూగర్భజలం ఉప్పుగా ఉన్న తూర్పు పల్లెల్లో ఊరణే ప్రాణాధారం కావడంతో, దానిలో స్నానం, పశువులను కడగడం నిషేధించి, గట్టు పక్కనే ఒక బావి తవ్వి, ఇసుక పొర గుండా వడిసి చేరిన నీటిని ఆ బావి నుంచే తోడుకునే ఏర్పాటు చాలాచోట్ల కనిపిస్తుంది. కణ్మాయిలు ఒకదాని అలుగు నీరు మరొకదానిలోకి దిగే గొలుసుకట్టుగా ఉండటం వల్ల, పై చెరువు పూడిపోతే వానాకాలంలో కింది చెరువుకు ఒక్కసారిగా వరద, ఆపైన కరువు తప్పవు. తూము తెరిచి మూసి పొలాలకు నీరు పంచే నీర్‌కట్టి (తెలుగు సీమల నీరుగంటి వంటి గ్రామసేవకుడు), ఊరంతా కలిసి పూడిక తీసే కుడిమరామత్తు ఆచారం ఈ వ్యవస్థను నిలబెట్టాయి. తెలుగు నేలలో చెరువు కట్టినవారికి దశబంధం ఇనాములు ఇవ్వడం, 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు 12 అంగాలనూ ఆరు దోషాలనూ చెప్పడం ఇటువంటి సంప్రదాయానికి చెందినవే.

ఆ ఆచారాన్ని చట్టంగా మార్చడానికి మద్రాసు ప్రెసిడెన్సీకి 1858లో నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. ఊరు తన అవసరానికి చేసుకునే పనిని శిక్షకు భయపడి చేసే పనిగా మార్చడం వల్ల ప్రయోజనం స్వల్పం. 1883లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం కూడా కట్టల కొలతలు తీయడంలో చూపిన శ్రద్ధ ఊరి పూనికను నిలపడంలో చూపలేదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఎట్టయపురం వంటి జమీందారీల చెరువులు ప్రభుత్వానికి దఖలుపడ్డాయి. ఆ తరువాత వంద ఎకరాలకు మించిన ఆయకట్టు గల చెరువులు ప్రజాపనుల శాఖకూ, చిన్నవి పంచాయతీ యూనియన్లకూ వెళ్లగా, ఒకే గొలుసులోని చెరువులకు ఇద్దరు యజమానులు ఏర్పడ్డారు. బోరుబావి, ఆయిలింజను వచ్చాక స్తోమత గల రైతుకు చెరువుతో పని తగ్గింది. చెరువులు పాడుపడటానికి వానలు తగ్గడాన్నే కారణంగా చెప్పేవారు ఈ యాజమాన్య చరిత్రను మరచిపోతుంటారు.

నేలను గురించిన శాస్త్రజ్ఞానం మాత్రం కోవిల్‌పట్టిలో తొందరగానే పోగుపడింది. ప్రత్తి పరిశోధనకు 1901లో ఇక్కడ నెలకొల్పిన వ్యవసాయ క్షేత్రం తరువాత తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమై, హైదరాబాదు కేంద్రంగా నడిచే అఖిల భారత మెట్టసేద్య సమన్వయ పరిశోధన పథకంలోనూ ఒక కేంద్రంగా పనిచేస్తోంది. రేగడిలో సగం దాకా బంకమన్నే ఉండటంతో వేసవిలో అది చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. తొలి వానకు ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక నీరు లోపలికి చాలా నెమ్మదిగా ఇంకుతుంది. తడిసిన నేలలో గుంటక గాని గొర్రు గాని దిగదు. అందుకే సెప్టెంబరులో, వాన రాకముందే, విత్తనాన్ని సుమారు ఐదు సెంటీమీటర్ల లోతున పొడినేలలో వేసే పద్ధతిని ఈ కేంద్రం సిఫారసు చేసింది. చిన్న జల్లు అంత లోతుకు చేరదు కనుక, పంటను నిలబెట్టగల వాన పడినప్పుడే మొలక వస్తుంది. విత్తనాన్ని పొటాషియం లవణ ద్రావణంలో నానబెట్టి నీడన ఆరబెట్టడం, చేనును 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మళ్లుగా చిన్న గట్లతో విభజించి ప్రతి మడిలోనూ వాననీటిని నిలపడం ఈ కేంద్రం ప్రచారం చేసిన ఇతర పద్ధతులు.

ఎర్రనేలల్లో మంచి ఫలితమిచ్చిన సమోన్నత గట్లు, అంటే వాలుకు అడ్డంగా ఒకే ఎత్తు గీత వెంట వేసే కట్టలు, రేగడిలో బెడిసికొడతాయి. ఇంకని నీరు గట్టు వెనుక నిలిచి పైరును కుళ్లబెడుతుంది, ఎండకు బీటలు వారిన గట్టు తరువాతి వానకు తెగుతుంది. ఇంకుడు చెరువు నుంచి బావికి ఊట చేరడం కూడా ఈ బంకమట్టిలో తక్కువ. అదే కారణం వల్ల ఇక్కడ సేద్యపు కుంటకు అడుగున పూత లేకున్నా నీరు ఎక్కువకాలం నిలుస్తుంది. శ్రీవిల్లిపుత్తూరు వైపు కొండవాలులోని ఎర్రనేలలకు ఒక పద్ధతి, కోవిల్‌పట్టి, విలాత్తికుళం రేగడికి మరొక పద్ధతి కావలసి ఉండగా, దేశమంతటికీ ఒకే అంచనా పట్టికతో వచ్చిన పథకాలు ఈ తేడాను చాలాకాలం పట్టించుకోలేదు.

కేంద్ర ప్రభుత్వం 1973-74లో ఆరంభించిన కరువు పీడిత ప్రాంతాల పథకంలో అప్పటి ఉమ్మడి రామనాథపురం జిల్లా చేరింది. విరుదునగర్ జిల్లా దాని నుంచి 1985లో విడివడింది. కరీంనగర్ ప్రాంతానికి చెందిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసులపై రూపొంది 1995 ఏప్రిల్ నుంచి అమలైన మార్గదర్శకాలు ఈ పథకాల స్వరూపాన్నే మార్చాయి. సుమారు 500 హెక్టార్లను ఒక వాటర్‌షెడ్‌గా తీసుకుని, హెక్టారుకు సగటున 4,000 రూపాయల చొప్పున నాలుగైదేళ్లు ఖర్చు చేయడం, అందులో 80 శాతం పనులకు కేటాయించడం, ఊరివారందరితో వాటర్‌షెడ్ సంఘం ఏర్పరచి అది ఎన్నుకున్న కమిటీకి నిధులు అందించడం వాటిలో ముఖ్యాంశాలు. పని పూర్తయ్యాక మరమ్మతులకోసం లబ్ధిదారుల వాటా సొమ్ముతో ఒక నిధిని పోగుచేయాలన్న నిబంధన కూడా వాటిలో ఉంది.

ఊరివారే పథకం వేసుకోవడమన్న మాటకు ఈ సీమలో అంతకుముందే ఒక ఆచరణ ఉంది. విరుదునగర్ అప్పట్లో కామరాజర్ జిల్లాగా వ్యవహారంలో ఉన్న రోజుల్లో, స్పీచ్ అనే స్వచ్ఛంద సంస్థ పారైకుళం వంటి పల్లెల్లో గ్రామీణ భాగస్వామ్య అంచనా పద్ధతిని చేపట్టింది. ఈ పద్ధతిలో అధికారి ప్రశ్నావళి ఉండదు. రైతులూ కూలీలూ ఆడవారూ ఆరుబయట చేరి, రంగుపొడులతో నేలమీదే ఊరి పటం గీసి, వాలు ఎటు, వాన పడితే నీరు ఎవరి చేను కోసుకుపోతుంది, ఏ బావి ఏ నెలలో ఎండుతుంది అన్నవి గుర్తించి, గింజలూ గులకరాళ్లూ పేర్చి ఏ పని ముందో తేల్చుకుంటారు. 1999లో లండన్ నుంచి వెలువడిన ‘ఫర్టైల్ గ్రౌండ్’ అనే అంతర్జాతీయ సంకలనం ప్రజల భాగస్వామ్యంతో సాగిన వాటర్‌షెడ్ పనులకు ఉదాహరణగా ఈ సంస్థ అనుభవానికి చోటిచ్చింది.

మదురై కేంద్రంగా పనిచేసే ధాన్ ఫౌండేషన్ వేరొక దారి పట్టింది. 1992లో ప్రదాన్ సంస్థ ఆధ్వర్యంలో మొదలై, 1997లో ధాన్ ఏర్పడ్డాక దాని చేతికి వచ్చిన ‘వయలగం’ కార్యక్రమం ఒక్కో చెరువు రైతులను ఒక్కో సంఘంగా కూర్చి, ఒకే గొలుసులోని చెరువుల సంఘాలను పైస్థాయిలో కలిపింది. అలుగు ఎత్తు పెంచితే పైవాడి పొలం మునుగుతుంది, తగ్గిస్తే కిందివాడికి నీరందదు. ఇటువంటి తగవును ఒక ఊరి సంఘం తీర్చలేదు గనుక గొలుసు మొత్తానికి ఒక వేదిక అవసరమన్న ఎరుక ఈ కార్యక్రమంలోని ప్రధానమైన విశేషం. పొదుపు, అప్పు లావాదేవీలను సంఘానికి జోడించడం వల్ల పూడికతీత ముగిశాక కూడా సభ్యులు నెలనెలా కలుసుకునే అవసరం మిగిలింది. ఊరణుల బాగుచేతనూ ఇదే సంస్థ చేపట్టింది.

నాబార్డు వద్ద 1999-2000లో 200 కోట్ల రూపాయలతో ఏర్పడిన వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి కూడా స్వచ్ఛంద సంస్థలకు ఊతమిచ్చింది. ఊరివారు ముందుగా శ్రమదానం చేసి తమ పట్టుదల చూపిన తరువాతే అసలు నిధులు విడుదలయ్యే క్రమశిక్షణను ఇది మహారాష్ట్రలోని ఇండో-జర్మన్ వాటర్‌షెడ్ కార్యక్రమం నుంచి తీసుకుంది. కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2003 నాటి హరియాలీ మార్గదర్శకాలు నిధులను పంచాయతీలకు మళ్లించాయి. ఎన్నికైన సంస్థకు అధికారమివ్వడం సబబే అయినా, వాగుకు పంచాయతీ సరిహద్దు తెలియదన్న చిక్కు దానితో వచ్చింది. 2008 ఉమ్మడి మార్గదర్శకాలు మైక్రో వాటర్‌షెడ్లను వెయ్యి నుంచి ఐదువేల హెక్టార్ల సముదాయాలుగా కూర్చి, మైదానాల్లో హెక్టారుకు 12,000 రూపాయలు నిర్ణయించగా, 2021లో మొదలైన కేంద్ర వాటర్‌షెడ్ పథకం రెండో దశలో అది 22,000 అయింది. రాష్ట్రంలో ఈ నిధులు తమిళనాడు వాటర్‌షెడ్ అభివృద్ధి సంస్థ ద్వారా అమలవుతాయి.

కట్టడాలకన్నా తేలికగా కనిపించి, నిజానికి అంతకన్నా చిక్కైన పని సర్కారు తుమ్మ తొలగింపు. తమిళులు సీమై కరువేలం అనే ఈ మెక్సికో జాతి చెట్టును 1870ల చివర వంటచెరకు కోసం మొదట కడప ప్రాంతంలో నాటారు. తరువాతి కాలంలో అది దక్షిణ తమిళనాడు చెరువుల గర్భాలనూ వరవ కాలువలనూ ఆక్రమించింది. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దాన్ని తొలగించాలని ఆదేశించింది. అయితే ఈ చెట్టును కాల్చి చేసే బొగ్గు రామనాథపురం, విరుదునగర్ జిల్లాల్లో భూమి లేని వేలాది కుటుంబాలకు జీవనాధారం, పంట పోయిన ఏడు చిన్న రైతుకూ ఆదరువు. వేరుతో పెకలించకపోతే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది కనుక, నరికి వదిలేసిన చెరువు కొద్ది ఏళ్లలోనే తిరిగి అడవి అవుతుంది.

తమిళనాడు ప్రభుత్వం 2017లో కుడిమరామత్తును పేరుతో సహా పునరుద్ధరించి, తొలి విడతలో 100 కోట్ల రూపాయలతో 1,519 పనులను ఆయకట్టు రైతు సంఘాలకు అప్పగించింది. తెలంగాణలో మిషన్ కాకతీయ అంతకు రెండేళ్ల ముందే, 2015లో మొదలైంది. పూడిక మట్టిని రైతులు తమ చేలకు తోలుకోవడం రెండింటిలోనూ ఉంది. ఆ మట్టి ఇసుకపాలు ఎక్కువైన ఎర్రనేలకు ఎరువుతో సమానం, రేగడి చేనుకు మాత్రం అంత మేలు చేయదు. కుడిమరామత్తు అసలు అర్థంలో ఊరు ఏటా చేసుకునే పని. కొత్త పథకంలో అది బడ్జెటు వచ్చిన ఏడు జరిగే పని. ఈ తేడా పూడనంత కాలం పూడిక పదేళ్లకొకసారి తిరిగి లెక్కకు వస్తూనే ఉంటుంది.

బయటి నదుల నీటిని తెచ్చి ఈ సీమను తడపాలన్న ప్రతిపాదన కూడా ఉంది. కేరళలోని పంబా, అచ్చన్‌కోవిల్ నదుల నుంచి ఏటా 634 మిలియన్ ఘనపు మీటర్ల నీటిని వైప్పారు లోయకు మళ్లించే అనుసంధాన పథకానికి జాతీయ జల అభివృద్ధి సంస్థ 1995లో సాధ్యతా నివేదిక సిద్ధం చేసింది. కేరళ సమ్మతించకపోవడంతో ఆ కాలువ తవ్వకం మొదలు కాలేదు.