రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత: ద్వీపానికి తిరిగి వచ్చిన మహిళ తెలుసుకోవలసినవి

అండమాన్ నికోబార్ దీవులలో రొమ్ము క్యాన్సర్ బారిన పడిన మహిళలకు చికిత్స ఒక చోట, కోలుకోవడం మరొక చోట జరగడం తరచుగా కనిపించే విషయం. శస్త్రచికిత్స, రేడియేషన్ కోసం అనేకమంది చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం వంటి నగరాలకు వెళతారు. ద్వీపవాసులు 'మెయిన్‌ల్యాండ్' అని పిలిచే ఆ తీరం శ్రీవిజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. నౌకలో దాదాపు మూడు రోజుల ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారిలో చాలా కుటుంబాలు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడినవే.

శస్త్రచికిత్సకు కొన్ని గంటలు పడుతుంది. దాని దుష్ప్రభావాలలో కొన్ని మాత్రం కుట్లు మానిన తరువాత, నెలలు, సంవత్సరాలు గడిచాక బయటపడతాయి. అప్పటికి ఆపరేషన్ చేసిన వైద్యులు సముద్రానికి ఆవల ఉంటారు. అందువల్ల ఏ లక్షణం ఎప్పుడు రావచ్చు, ఏది సహజం, ఏది ప్రమాదకరం అనే సంగతులను తిరుగు ప్రయాణానికి ముందే తెలుసుకోవడం ద్వీపంలో నివసించే మహిళకు చికిత్సలో భాగమే అవుతుంది.

అడగవలసిన మొదటి ప్రశ్న

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 23 లక్షల మంది మహిళలకు రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు నిర్ధారణ అయింది. భారతదేశంలో ఆ ఏడాది సుమారు 1 లక్షా 92 వేల కొత్త కేసులు నమోదయ్యాయని అంచనా.

ఒకప్పుడు ఈ వ్యాధికి రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంకలోని లింఫ్ గ్రంథులను పూర్తిగా తొలగించేవారు. తొలిదశ వ్యాధిలో గడ్డను మాత్రమే తొలగించి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మును పూర్తిగా తొలగించినా ఆయుఃప్రమాణంలో తేడా లేదని అమెరికా, ఇటలీలలో 20 ఏళ్లపాటు సాగిన రెండు పరిశోధనలు 2002లో తేల్చాయి. చంక విషయంలోనూ ఇదే మార్పు వచ్చింది. క్యాన్సర్ కణాలు మొదట చేరే కొద్దిపాటి గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది.

కాబట్టి ఆసుపత్రి విడిచే ముందు రోగి అడగవలసిన మొదటి ప్రశ్న: చంకలో ఎన్ని గ్రంథులు తీశారు? చేతి వాపు వచ్చే అవకాశం ముఖ్యంగా ఈ సంఖ్య మీదా, చంకకు రేడియేషన్ ఇచ్చారా లేదా అన్నదాని మీదా ఆధారపడుతుంది.

మొదటి రెండు వారాలు

గాయం లోపల చేరే ద్రవాన్ని బయటకు పంపేందుకు డ్రెయిన్ గొట్టం అమరుస్తారు. 24 గంటలలో వచ్చే ద్రవం సుమారు 20 నుంచి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గినప్పుడు సాధారణంగా దానిని తొలగిస్తారు. ఇందుకు వారం, రెండు వారాలు పట్టవచ్చు. ప్రతిరోజూ ఒకే సమయానికి కొలిచి, పుస్తకంలో రాసి ఉంచుకోవాలి.

గొట్టం తీసిన తరువాత కూడా గాయం కింద నీరు చేరి ఉబ్బు కనిపించవచ్చు. దీనిని సెరోమా అంటారు. చిన్నదైతే దానంతటదే తగ్గుతుంది. పెద్దదైతే వైద్యులు సూదితో తీస్తారు. గొట్టం ఉండగానే, లేదా తీసిన మరుసటి రోజే ఓడ ఎక్కాలని తొందరపడకపోవడం మంచిది. తిరుగు టికెట్ తేదీని శస్త్రవైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

చంకలోనూ, పై చేయి లోపలి భాగంలోనూ తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్లు ఉండటం సాధారణం. ఆ భాగానికి స్పర్శనిచ్చే నరం శస్త్రచికిత్సలో తెగడం లేదా సాగడం ఇందుకు కారణం. కొందరిలో ఇది నెలల తరబడి, మరికొందరిలో శాశ్వతంగా ఉండవచ్చు. తిమ్మిరి ఉన్నచోట వేడి తెలియదు కనుక వేడినీటి కాపడం పెట్టరాదు. పొయ్యి దగ్గర జాగ్రత్తగా మెలగాలి. తొలగించిన రొమ్ము ఇంకా ఉన్నట్లే అనిపించడం, అక్కడ దురద పెట్టినట్లు తోచడం కూడా భ్రమ కాదు, మతిభ్రంశం అంతకన్నా కాదు. నరాల స్పందన వల్ల కలిగే అనుభూతి అది.

చేతిని కదిలించాలి

ఆపరేషన్ జరిగిన వైపు చేతిని కదిలిస్తే కుట్లు విడిపోతాయన్న భయం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. కదపకుండా ఉంచిన భుజం కొద్ది వారాలలోనే బిగుసుకుపోతుంది. అమెరికాకు చెందిన టెరీస్ లాసర్ 1952లో రొమ్ము తొలగింపు శస్త్రచికిత్స చేయించుకున్నారు. చేతిని ఎలా కదపాలో, ఎలాంటి దుస్తులు ధరించాలో చెప్పేవారు లేక ఇబ్బంది పడిన ఆమె, తానే ఇతర రోగుల వద్దకు వెళ్లి చెప్పడం ప్రారంభించారు. 'రీచ్ టు రికవరీ' అనే కార్యక్రమం అలా పుట్టింది.

ఇంగ్లండ్‌లో భుజం సమస్యలు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 392 మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2021లో ప్రచురితమైంది. శస్త్రచికిత్స అయిన 7 నుంచి 10 రోజులలో ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామం మొదలుపెట్టిన వారికి ఏడాది తరువాత చేయి మెరుగ్గా పనిచేసింది. చేతి వాపు గాని, గాయం సమస్యలు గాని పెరగలేదు.

సాధారణంగా వైద్యులు సూచించే క్రమం ఇది. మొదటి రోజులలో పిడికిలి బిగించి విడవడం, మోచేతిని వంచి చాచడం, భుజాలను నెమ్మదిగా తిప్పడం చేయాలి. డ్రెయిన్ తీసేవరకు చేతిని భుజం ఎత్తుకు మించి లేపరాదు. ఆ తరువాత గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లతో గోడపై మెట్టు మెట్టుగా పైకి పాకించాలి. జుట్టు దువ్వుకోవడం, వీపు వెనుక చేయి చేర్చడం కూడా వ్యాయామమే. నీళ్ల బిందె, బియ్యం బస్తా, చేపల బుట్ట వంటి బరువులు మొదటి ఆరు వారాలు ఎత్తరాదు. ఆ తరువాత వైద్యుని సలహాతో కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు.

కొందరికి చంక నుంచి మోచేతి వరకు చర్మం కింద తాడులాగా బిగుసుకుంటుంది. చేయి చాచినప్పుడు నొప్పి కలుగుతుంది. చూడటానికి భయం గొలిపినా, సాగదీసే వ్యాయామాలతో కొన్ని వారాల నుంచి కొన్ని నెలలలో ఇది సాధారణంగా తగ్గిపోతుంది.

గాజు చెప్పే సంగతి

గ్రంథులు తీసిన వైపు లింఫ్ ద్రవం సరిగా ప్రవహించక చేయి వాచడాన్ని లింఫెడీమా అంటారు. చంకలోని గ్రంథులను విస్తృతంగా తొలగించిన వారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది రావచ్చు. కొన్ని గ్రంథులు మాత్రమే తీసిన వారిలో ఈ అవకాశం చాలా తక్కువ. శస్త్రచికిత్స అయిన కొన్ని నెలల తరువాతా రావచ్చు, కొన్నేళ్ల తరువాతా రావచ్చు.

దీనిని తొలిదశలో గుర్తించడానికి యంత్రాలు అక్కరలేదు. రోజూ వేసుకునే గాజులు ఆ చేతికి బిగుతుగా అనిపించినా, ఉంగరం తీయడం కష్టమైనా, జాకెట్టు చేయి ఒకవైపే పట్టేసినా, చేయి బరువెక్కినట్లు తోచినా అది తొలి హెచ్చరిక కావచ్చు. నెలకు ఒకసారి టైలర్ టేపుతో రెండు చేతులనూ ఒకే చోట్ల, అంటే మణికట్టు వద్ద, మోచేతికి పైన, కింద కొలిచి రాసుకోవాలి. తొలిదశలో వాపును అదుపు చేయడం సులభం. చర్మం గట్టిపడిన తరువాత కష్టం.

చర్మ సంరక్షణ, వ్యాయామం, శిక్షణ పొందినవారు చేసే మృదువైన మర్దన, కొలతకు తగిన బిగుతు తొడుగు దీనికి చికిత్స. నూనె రాసి గట్టిగా పిసకడం, నాటు పద్ధతిలో బిగించి కట్టడం చేటు చేస్తాయి. ఇప్పటికే వాపు ఉన్న 141 మంది మహిళలపై అమెరికాలో జరిగి 2009లో ప్రచురితమైన పరిశోధనలో, పర్యవేక్షణలో క్రమంగా బరువులెత్తిన వారికి వాపు పెరగకపోగా లక్షణాలు తీవ్రమయ్యే సందర్భాలు తగ్గాయి.

విమానం ఎక్కితే చేయి వాస్తుందన్న ఆందోళన ద్వీపవాసులలో సహజం. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ 600కు పైగా రోగుల చేతుల కొలతలను పరిశీలించి 2016లో ఫలితాలను ప్రకటించింది. విమాన ప్రయాణానికి గాని, ఆ చేతికి రక్తం తీయడానికి గాని, రక్తపోటు కొలవడానికి గాని వాపుతో సంబంధం కనిపించలేదు. అధిక బరువు, చంక గ్రంథుల విస్తృత తొలగింపు, చర్మానికి సోకే ఇన్ఫెక్షన్ ఈ మూడింటికీ సంబంధం కనిపించింది. అందువల్ల వాపు భయంతో పరీక్షకు వెళ్లడం మానుకోవలసిన అవసరం లేదు. ఇన్ఫెక్షన్ విషయంలోనే అప్రమత్తత కావాలి.

ద్వీప జీవనంలో జాగ్రత్తలు

చేపలు శుభ్రం చేసేటప్పుడు ముల్లు గుచ్చుకోవడం, పగడపు రాయి గీసుకోవడం, కొబ్బరి తురుముతుండగా తెగడం, ఇసుక ఈగలు, దోమలు కుట్టిన చోట గోకడం ఇక్కడ నిత్యకృత్యం. గ్రంథులు తీసిన చేతికి చిన్న గీత కూడా ఇన్ఫెక్షన్‌కు దారి కావచ్చు. చేపల పని చేసేటప్పుడు మందపాటి రబ్బరు తొడుగులు ధరించాలి. గాయమైతే వెంటనే సబ్బుతో, మంచినీటితో కడిగి మందు రాయాలి. పుండు మానేవరకు దానికి సముద్రపు నీరు తగలనీయరాదు.

సంవత్సరంలో అధిక భాగం గాలిలో తేమ ఉండే దీవులివి. బిగుతు తొడుగు కింద, చర్మపు మడతలలో చెమట నిలిచి ఒరుపు, తామర రావచ్చు. రెండు తొడుగులు ఉంచుకుని రోజూ మార్చి ఉతకాలి. చర్మం పూర్తిగా ఆరిన తరువాతే ధరించాలి.

మందుల వల్ల వచ్చే ఇబ్బందులు

కీమోథెరపీ ఇచ్చిన తరువాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ సమయంలో 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం అత్యవసర పరిస్థితి. పారాసిటమాల్ వేసుకుని తెల్లవారే వరకు వేచి ఉండరాదు. డిగ్లీపూర్ నుంచి రోడ్డు మార్గంలో సాధారణ వాహనాలు జారవా అభయారణ్యం గుండా నిర్ణీత సమయాలలో, వరుసగా మాత్రమే సాగుతాయి. క్యాంప్‌బెల్ బే, హట్ బే వాసులు ఓడ మీద గాని, హెలికాప్టర్ మీద గాని ఆధారపడాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు అదీ కష్టమే. వీలైన వారు కీమో కాలంలో శ్రీవిజయపురంలోనో, చికిత్స జరిగే నగరంలోనో బస చేయడం క్షేమం.

హార్మోన్ల ప్రభావం ఉన్న క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వంటి మాత్రలను 5 సంవత్సరాలు, కొందరికి 10 సంవత్సరాలు వాడమంటారు. ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి సాధారణం. నెలసరి ఆగిన తరువాత రక్తస్రావం కనిపించినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే వైద్యునికి చూపించాలి. మరో రకం హార్మోన్ మాత్రల వల్ల కీళ్ల నొప్పులు రావచ్చు, ఎముకలు పలచబడవచ్చు. ఇబ్బందిగా ఉందని మాత్రలను సొంతంగా మానివేస్తే వ్యాధి తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. ఓడ ఆలస్యమైనా కొరత రాకుండా కనీసం నెలకు సరిపడా మాత్రలు అదనంగా ఉంచుకోవాలి.

శరీరం, మనసు, కుటుంబం

ఒక రొమ్ము తొలగించిన తరువాత అద్దంలో చూసుకోలేకపోవడం, భర్తతో సాన్నిహిత్యానికి సంకోచించడం, వ్యాధి తిరగబెడుతుందేమోనన్న భయం చాలామందికి కలుగుతాయి. లోదుస్తులలో అమర్చుకునే సిలికాన్ లేదా నూలు కృత్రిమ రొమ్ము శరీర సమతుల్యతకూ తోడ్పడుతుంది. రొమ్మును తిరిగి నిర్మించే శస్త్రచికిత్స గురించి వైద్యునితో చర్చించవచ్చు.

శ్రీకాకుళంలో జన్మించిన నటి గౌతమి 35 ఏళ్ల వయసులో రొమ్ములో గడ్డను తానే గుర్తించి చికిత్స పొందారు. అనంతరం 'లైఫ్ అగైన్ ఫౌండేషన్' స్థాపించి తన అనుభవాన్ని బహిరంగంగా చెబుతూ వచ్చారు. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పిల్లలను ఎత్తుకున్నా ఇతరులకు రాదు. వంట, నీళ్లు మోయడం వంటి పనులను కొంతకాలం ఇంట్లోని మగవారు పంచుకోవడం మాటలకన్నా పెద్ద ఓదార్పు.

రెండు వారాలకు మించి దిగులు వీడకపోతే టెలీ మానస్ ఉచిత సహాయవాణి 14416కు ఫోన్ చేయవచ్చు. డిప్రెషన్‌కు మందు రాసే వైద్యునికి టామాక్సిఫెన్ వాడుతున్న సంగతి తప్పక చెప్పాలి. కొన్ని మందులు దాని ప్రభావాన్ని తగ్గిస్తాయి.

అందుబాటులో ఉన్న సహాయం

శ్రీవిజయపురంలోని జి.బి. పంత్ ఆసుపత్రి, మాయాబందర్‌లోని డాక్టర్ ఆర్.పి. ఆసుపత్రి, కార్ నికోబార్‌లోని బి.జె.ఆర్. ఆసుపత్రి దీవులలోని ప్రధాన ప్రభుత్వ ఆసుపత్రులు. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద అర్హులైన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. దేశంలో ఎక్కడైనా పథకంలో చేరిన ఆసుపత్రిలో దీనిని వినియోగించుకోవచ్చు. చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక ఇంటర్నెట్ మెరుగుపడింది. ఈ-సంజీవని ద్వారా వైద్యుని సంప్రదించడం సులభమైంది. గాయం ఫొటోలు, చేతి కొలతలు సిద్ధంగా ఉంటే సంప్రదింపు ఫలవంతమవుతుంది.

డిశ్చార్జ్ పత్రం, కణజాల పరీక్ష నివేదిక, హార్మోన్ గ్రాహకాల నివేదిక, కీమో, రేడియేషన్ వివరాలను ప్లాస్టిక్ కవరులో భద్రపరచి, ఫోన్‌లోనూ ఫొటో తీసి ఉంచాలి. మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకు ఒకసారి పరీక్ష, ఏటా మామోగ్రామ్ అవసరం.

ఆలస్యం చేయరాని లక్షణాలు

• చేయి లేదా ఛాతీ ఎర్రబడి, వేడెక్కి, జ్వరం రావడం
• గాయం నుంచి చీము, దుర్వాసన, హఠాత్తుగా పెరిగిన ఉబ్బు
• కీమో కాలంలో జ్వరం, చలి వణుకు
• ఒక కాలు వాపు, ఛాతీ నొప్పి, ఆయాసం
• మచ్చ మీద, చంకలో, మెడలో, రెండో రొమ్ములో కొత్త గడ్డ
• తగ్గని ఎముక నొప్పి, ఎడతెగని దగ్గు, తీవ్రమైన తలనొప్పి

వీటిలో మొదటి నాలుగింటికి అదే రోజు సమీప ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. చివరి రెండింటికి తదుపరి పరీక్ష తేదీ వరకు ఆగకుండా వైద్యుని సంప్రదించాలి. ఈ పట్టికను ఇంట్లో అందరికీ కనిపించే చోట అతికించి ఉంచడం మంచిది. రోగి ఓపిక లేక పడుకున్న రోజున దానిని చదివి, ఆసుపత్రికి బయలుదేరదీయవలసింది ఇంట్లోని వారే.