దోనావూరు ఇల్లు: విడిపించిన మరునాటి నుండి

1912 ఆగస్టు నెలలో థామస్ వాకర్ అనే సి.ఎం.ఎస్. మిషనరీ తిరునెల్వేలి నుండి మచిలీపట్టణం వచ్చారు. తెలుగు సేవకుల మధ్య కూటములు జరపడానికి వచ్చిన ఆయన ఇక్కడే జబ్బుపడి, ఇక్కడే ప్రభువునందు నిద్రించారు. ఆ వార్త వెళ్ళి తాకిన ఇల్లు పడమటి కనుమల పాదమున ఉన్న దోనావూరు. ఆ ఇంట అప్పటికి నూరుమందికి పైగా పిల్లలున్నారు. వారికి ఆయనే పెద్దదిక్కు. ఆ సంవత్సరమే డిసెంబరు 29న తిరునెల్వేలివారైన అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందారు. ఈ శతవార్షిక సంచికలో మన డయాసిస్ చరిత్ర వ్రాసే పెద్దలు అనేకులున్నారు. మేము మాత్రము ఆ పిల్లల ఇంటిని గూర్చి కొంత వ్రాయదలచాము. ఎందుకో చివర చెప్తాము.

ఉత్తర ఐర్లండు నుండి 1895లో మన దేశానికి వచ్చిన ఎమీ కార్మైకేల్ దొరసాని మొదట గ్రామ స్త్రీల మధ్య సువార్త పని చేసేవారు. 1901 మార్చిలో పన్నైవిళై గ్రామములో ఒక సాయంకాలము, ఏడేండ్ల ప్రీనా అనే పిల్ల దేవదాసీల ఇంటి నుండి పారిపోయి వచ్చింది. అంతకుముందొకసారి తప్పించుకొని కన్నతల్లి యొద్దకు వెళితే, ఆ తల్లే తిరిగి అప్పగించింది. శిక్షగా పిల్ల చేతులు కాల్చారు. ఈసారి చర్చి దగ్గర నిలబడియున్న పిల్లను సంఘపు స్త్రీ ఒకామె చూచి, రాత్రి తన ఇంట ఉంచుకొని, తెల్లవారగానే దొరసాని యొద్దకు తీసుకువచ్చింది. పుస్తకాలలో దొరసాని పేరే ముందు కనిపిస్తుంది. కాని మొదట తెరుచుకున్న తలుపు ఈ స్త్రీది.

దేవదాసీలలో సంగీత నాట్యములలో మహా విద్వాంసురాళ్ళున్నారు. వారి విద్యను తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశము కాదు. అయితే పాలు మరువని పిల్లను డబ్బిచ్చి కొని తెచ్చుకున్నప్పుడు అందులో ఆ పిల్ల ఇష్టమెక్కడిది? దొరసాని ఈ సంగతులు 1903లో పుస్తకముగా వ్రాస్తే, ఇదంతా అతిశయోక్తి అన్నవారు క్రైస్తవులలోనే ఉన్నారు.

పిల్లను విడిపించడానికి పట్టినది ఒక రాత్రి. తరువాతి పని ఏబది సంవత్సరములు సాగింది. 1904 నుండి పసికందులు రాసాగారు. పరాయి బిడ్డకు పాలివ్వడం ఆ ప్రాంతపు ఆచారము కాదు గనుక పాలిచ్చే తల్లి దొరకదు. ఆసుపత్రి తిరువాన్కూరు సీమలోని నెయ్యూరులో ఉన్నది. ఎద్దుబండి ప్రయాణము. అందుచేత ఆ ఆసుపత్రి ప్రక్కనే ఒక శిశుగృహము పెట్టి, పొన్నమ్మాళ్ అనే విధవరాలిని దానిపై ఉంచారు. అక్కడ విరేచనాల జబ్బు వ్యాపించి పదిమంది పసిబిడ్డలు చనిపోయారు. పొన్నమ్మాళ్ పని మానలేదు. ఆమె 1915లో క్యాన్సరుతో కన్నుమూశారు.

పిల్లలలో చాలామందికి పుట్టినరోజు తెలియదు. అందువలన ఆ ఇంట అడుగుపెట్టిన దినమునే పండుగగా చేసేవారు. పెంచేవారిని ‘అక్కా’ అని, దొరసానిని ‘అమ్మా’ అని పిలిచేవారు. వయసు వచ్చినంత మాత్రాన ఎవరినీ గడప దాటించలేదు. పెండ్లి చేసుకొని వెళ్ళినవారున్నారు, నర్సులైనవారున్నారు. అనేకులు అక్కడే ఉండి వెనుక వచ్చిన పసివారికి తామే అక్కలయ్యారు. మా దృష్టికి ఆ ఇంటి రహస్యము ఇదే. నిన్న ఒకరి చేతిలో అన్నము తిన్న పిల్ల నేడు మరొక పిల్లకు అన్నము పెట్టింది.

అన్నీ సూటిగా జరిగినవని మేము చెప్పము. 1909లో వచ్చిన ఒక బాలికను తిరిగి ఇప్పించమని తల్లి దావా వేసింది. 1911లో తీర్పు తల్లి పక్షమున వచ్చింది. పిల్ల మాత్రము కనిపించలేదు. మగపిల్లవాని వేషము వేసి దాటించి, చివరకు చైనా వరకు చేర్చారు. కోర్టు తీర్పును మీరిన పని అది. దానిని మేము మెచ్చుకొనలేము, తప్పు పట్టనూ లేము. పిల్లలను దేవాలయములకు అర్పించడాన్ని నిషేధించే చట్టము మద్రాసు రాష్ట్రానికి 1947లో గాని రాలేదు.

మన ఆంధ్రప్రదేశ్ చట్టము 1988 నాటిది. తెలంగాణలో జోగిని, సీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ, పేర్లు వేరైనా బాధ ఒక్కటే. నిజామాబాదు జిల్లా వర్నిలో జోగినీల కొరకు ‘చెల్లి నిలయం’ నడిపిన హేమలతా లవణంగారు మన మహాకవి జాషువాగారి కుమార్తె, నాస్తికుడైన గోరాగారి కోడలు. మనము వెళ్ళవలసిన గడపకు ఆమె మనకంటె ముందుగా వెళ్ళారు.

ఇక మా సంగతి. మేము మొదట పనిచేసిన పాస్టరేటులో ఒక పిల్లను ఇంటిపని ఇప్పిస్తామని చెప్పి దూరపు నగరానికి తీసుకుపోయి అమ్మివేశారు. రెండేండ్లకు పోలీసుల సాయముతో తిరిగి వచ్చింది. మొదటి ఆదివారము చర్చిలో ఆమె కూర్చున్న చాప మీద మరెవ్వరూ కూర్చోలేదు. సంస్కారపు గిన్నె సంగతేమిటని అడగడానికి ఇద్దరు పెద్దలు మా ఇంటికి వచ్చారు. మేము వారిని గద్దించలేదు. చందాలు వసూలు చేసి, ఒక కుట్టుమిషను కొని, దూరపు పట్టణములో కుట్టుపని నేర్పే చోటికి పంపడానికి ఏర్పాటు చేశాము. మంచి పనే చేశామని సంతోషించాము కూడా. బయలుదేరేముందు ఆ పిల్ల, “అయ్యగారూ, నేను మిషను అడగలేదు గదండి. మళ్ళీ క్వయరులో పాడనిస్తారా అని అడిగాను” అన్నది. “చూద్దాములే అమ్మా” అన్నాము. క్రిస్మస్ రాకముందే బండి ఎక్కించాము.

దోనావూరు చరిత్ర మేము వేదాంత కళాశాలలోనే చదివాము. పరీక్షలో వ్రాశాము కూడా. ఆ పిల్లను పంపివేసిన రోజున ఒక్క మాటైనా గుర్తు రాలేదు. ఎమీ కార్మైకేల్ 1951 జనవరి 18న మరణించారు. ఆమె కోరిక మేరకు సమాధి మీద రాయి నిలపలేదు. పిల్లలు పక్షులు నీళ్ళు త్రాగే తొట్టి ఒకటి పెట్టి, దానిమీద ‘అమ్మ’ అని మాత్రము చెక్కించారు.

ఈ వ్యాసము వ్రాయడానికి ముందు ఆ అమ్మాయి ఎక్కడున్నదో కనుగొని ఫోను చేశాము. క్షమించమని అడిగాము. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, మిషను ఇంకా బాగానే పనిచేస్తున్నదండి అన్నది. పాడుతున్నావా అమ్మా అని అడగడానికి మాకు నోరు రాలేదు.