ఉత్సర్గమును మ్రింగిన యపవాదము

ఉత్సర్గము సామాన్యవిధి, అపవాదము దాని నొకచో బాధించు విశేషవిధి. అపవాదవిషయమును విడిచి తక్కినయెడల నెల్ల నుత్సర్గమే ప్రవర్తించునని వైయాకరణుల సిద్ధాంతము. దక్షిణాఫ్రికాలోని డచ్చి రిఫార్మ్‌డు క్రైస్తవసంఘచరిత్రమున నీ మర్యాద తలక్రిందయ్యెను.

ప్రభుభోజనసంస్కారమును వర్ణభేదము లేక యెల్లరకు నొక్కట నొసఁగవలయునని యా సంఘపు మహాసభ 1829 లో నిర్ణయించినది. 1857 నాఁటి మహాసభయు, అన్యజాతులనుండి వచ్చిన విశ్వాసులను ఉన్న సంఘములలోనే చేర్చుకొనుట శాస్త్రసమ్మత మనియే పలికినది. కాని, కొందఱి దౌర్బల్యముచే మతవ్యాప్తికి విఘ్నము గలిగినచో వారికి వేఱు మందిరమున నారాధనము జరుపవచ్చు ననియుఁ జేర్చినది.

ఇచ్చట విచార్య మొకటి కలదు. ఆ దౌర్బల్య మెవరిది? సహోదరుని ప్రక్కను మోఁకరిల్ల నొల్లని శ్వేతులది. వెలియైనవారో నిర్దోషులు! వికల్పముగాఁ బుట్టిన విధి క్రమముగా నిత్య మయ్యెను. 1881 లో నన్యవర్ణులకు వేఱు మిషను సంఘమే యేర్పడెను. 1948 పిమ్మట రాజ్యము జాతిపృథక్కరణమును శాసనముగాఁ జేయునప్పటికి దేవాలయ మా మార్గమును ముందే త్రొక్కియుండెను.

ప్రతివిధానమును వెలియైనవారినుండియే వచ్చెను. ఆ మిషను సంఘము 1982 లోఁ గేపుటవును చెంత బెల్హారులో నొక విశ్వాసప్రకటనమును రచించి, 1986 లో నంగీకరించెను. ఐక్యము, సమాధానము, న్యాయము దాని విషయములు. ఐక్యము దేవుఁ డిచ్చిన వరమును, మనుష్యుఁడు నెఱవేర్పవలసిన విధియు నని దాని తాత్పర్యము. 1994 లో నా సంఘము నల్లవారి సంఘముతోఁ గలిసి యొక్కటి యయ్యెను. శ్వేతుల మాతృసంఘ మందుఁ జేరలేదు.

క్రీస్తు నేర్పిన ప్రార్థనము తండ్రిని ‘మా’ యని బహువచనముతోఁ బిలుచును. ఆ బహువచనమున నెవ్వ రిముడుదు రనునదియే యీ చరిత్రమంతటి వివాదము.